ఇంట్లో కట్టిన చీమల గూడు: సమస్యలు, పరిష్కారాలు

చీమల్ని పెంచి చూడాలని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, అరలు తీసి, పైన అద్దం బిగించి గూడు తయారు చేశారు. ఇప్పుడు ఎక్కడో తేడాగా ఉంది. దేన్నీ కదిలించకముందు ఒకసారి చూడండి: చీమలు గుడ్లనీ, లార్వాలనీ (గుడ్డులోంచి వచ్చిన పిల్లలు), ప్యూపాలనీ (చీమగా మారే ముందు దశ) ఎక్కడ పెట్టుకున్నాయి? తేమ, వెచ్చదనం, చీకటి ఎక్కడ కుదిరితే అక్కడికే వాటిని మోసుకుపోతాయి. గూట్లో ఏ చోటు బాగుందో, ఏది బాగాలేదో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

టెస్ట్ ట్యూబ్ వదిలి కొత్త గూట్లోకి రావడం లేదు

అందరూ ముందు టెన్షన్ పడేది దీని గురించే. చాలాసార్లు ఇది సమస్యే కాదు. రాణిని మొదట ఉంచే ఆ ట్యూబులో దూది వెనక నీళ్లున్నాయి, చీకటి ఉంది, ఇరుకుగా ఉంది. చీమలకు కావాల్సింది అదే. పనిచేసే చీమలు ఇరవై ముప్ఫై కూడా లేని కాలనీకి గూడు అవసరమే లేదు. తొందరపడి పెద్ద గూట్లోకి పంపితే ఒక మూలన ఉండి, మిగతా అరల్లో చెత్త పోస్తాయి.

కాలనీ పెద్దదై కూడా రాకపోతే, కొత్త గూడు పొడిగా గానీ వెలుతురుగా గానీ ఉందన్నమాట. ఒక చివర తడి పట్టించండి. అద్దం మీద ఎర్ర సెల్లోఫేన్ కప్పి, ట్యూబుకు చీకటి కోసం చుట్టినది తీసేయండి. 19వ శతాబ్దంలో జాన్ లబక్ అనే ఆంగ్లేయుడు చీమల మీద రంగు గాజు పలకలు పెట్టి చూశాడు. అవి ఊదా వెలుతురు నుంచి తప్పుకుని, ఎర్ర గాజు కిందికి చీకట్లోకి వెళ్లినట్టే చేరాయి. ఎర్ర కాగితం వాడటం అందుకే. ఆ తర్వాత రోజులు పట్టినా, వారాలు పట్టినా ఆగండి. ట్యూబును తట్టి దులపొద్దు. బెదిరిన రాణి తన గుడ్లను తానే తినేయొచ్చు.

అద్దం మీద ఆవిరి పట్టి లోపల ఏమీ కనిపించడం లేదు

లోపలి తడి గాలి కంటే అద్దం చల్లగా ఉంది. హీటింగ్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి పట్టా) గూటి అడుగున పెట్టినవాళ్లకు ఇది తరచుగా వస్తుంది. వేడిని అద్దం ఉన్న వైపుకి, అదీ ఒక చివరకే మార్చండి. నీళ్లు తగ్గించండి. ఆవిరిని తేలిగ్గా తీసుకోకండి, చిన్న చీమలు నీటి బొట్టుకి అంటుకుని చచ్చిపోతాయి.

బూజు

ముందు ఎక్కడ పట్టిందో చూడాలి. తిండి మీదైతే, పెట్టింది ఎక్కువైంది. పురుగును చిన్న ముక్కలు చేసి పెట్టి, మిగిలింది మర్నాడే తీసేయండి. నీళ్ల దగ్గరి దూది మీద కాస్త మచ్చలాంటిదైతే వదిలేయొచ్చు.

గోడలంతటా పడితే మాత్రం ప్లాస్టర్ ఆరకముందే చీమల్ని పంపారు. ప్లాస్టర్ అరగంటలోనే గట్టిపడుతుంది. గట్టిపడటం వేరు, ఆరడం వేరు. లోపలి నీరు పోవడానికి వారం, మందంగా పోస్తే ఇంకా ఎక్కువే పడుతుంది. చేత్తో తాకితే తెలియదు. వంటింటి త్రాసు మీద రోజూ తూచండి, బరువు తగ్గడం ఆగిపోతేనే ఆరినట్టు. చీమలున్న గూట్లో బూజు మందులు చల్లొద్దు. ఇంకో గూడు పోసి, పూర్తిగా ఆరాక గొట్టంతో కలిపితే అవే మారతాయి.

లార్వాలు ముడతలు పడుతున్నాయి, లేదా అన్నీ ఒకే చివర గుట్టగా ఉన్నాయి

గుట్ట నీటి పక్కనే ఉంటే గూడు ఎండిపోయింది. నీటికి బాగా దూరంగా ఉంటే తడి ఎక్కువైంది. గూడంతా ఒకే తేమ ఉంచాలనుకోవడమే పొరపాటు. సాధారణంగా గుడ్లకూ లార్వాలకూ తేమ కావాలి, ప్యూపాలకు కాస్త పొడి చోటు నచ్చుతుంది. అరలతో కలవకుండా ఒక చివర నీటి గుంట తీసి, అక్కడే నీళ్లు పోయండి. రెండో చివర పొడిగా ఉంటే, ఏవి ఎక్కడ ఉండాలో చీమలే సర్దుకుంటాయి.

బయటికి వచ్చేస్తున్నాయి

గాలి రంధ్రాలకు సన్నటి స్టీలు జాలీ అంటించండి. తిండి పెట్టే డబ్బా పై అంచు లోపలి వైపు, టాల్కం పౌడర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి పూయండి. ఆరాక ఆ పొడి మీద చీమ కాలు నిలవదు. చెమ్మ తగిలితే పట్టు పోతుంది కాబట్టి మళ్లీ పూయాల్సి ఉంటుంది. ప్లాస్టర్‌నే కొరికి దారి చేసుకునే జాతులూ ఉన్నాయి, వాటికి గాజు గానీ యాక్రిలిక్ గానీ వాడాలి.

మారిన రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోతున్నాయి

గూటిని వాసన చూడండి. సందులు మూయడానికి పూసిన సిలికాన్ సీలెంట్ వెనిగర్ వాసన వేస్తుంటే అది ఇంకా ఆరలేదు. యాక్రిలిక్ అతికించిన జిగురు ఆవిరి కూడా అంతే ప్రమాదం. ఆ గదిలో దోమల మందు గానీ, పురుగుమందు గానీ వాడారేమో ఆలోచించండి. ఏదైనా సరే, ముందు శుభ్రమైన ట్యూబులో నీళ్లు నింపి, దూది బిగించి, చీకటిగా కప్పి గూటికి తగిలించండి. చాలాసార్లు బతికున్నవి రాణినీ పిల్లల్నీ తీసుకుని అందులోకి వెళ్లిపోతాయి.