ఎగిరిన వెంటనే ఇంజిన్ ఆగిపోతే చిన్న విమానాన్ని ఎలా దించాలి?

ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం రన్‌వేను వదిలి ఐదు వందల అడుగుల ఎత్తుకు చేరిన సమయంలో ఇంజిన్ ఆగిపోతే, పైలట్‌కు మిగిలేది దాదాపు నలభై సెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో ఆలోచించి నిర్ణయం తీసుకోవడం ఎవరికైనా కష్టమే కాబట్టి నిర్ణయం ముందే జరిగిపోయి ఉండాలి. శిక్షణలో విరివిగా వాడే సెస్నా 172ఎస్ విమానాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇతర విమానాలు నడిపేవారికి తమ విమానం మాన్యువల్‌లోని అంకెలే ప్రమాణం.

మొదటి పని రన్‌వే మొదట్లో, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే పిడి) తెరవక ముందే జరగాలి. నేల మీద పరుగు తీస్తుండగా తేడా కనిపిస్తే థ్రాటిల్ మూసి బ్రేకు వేస్తానని, గాలిలోకి లేచాక ఇంకా రన్‌వే మిగిలి ఉంటే దాని మీదే దిగుతానని, రన్‌వే దాటాక ఇంజిన్ ఆగితే, ఉదాహరణకు, ఎదురుగా ఉన్న చెరువుకు ఎడమ పక్కనున్న బీడులో దిగుతానని పైలట్ పైకి వినపడేలా చెప్పుకోవాలి. ఆ బీడు నిజంగా ఉన్నదో లేదో, ఈ నెలలో అందులో నీళ్లు నిలిచాయో లేదో ముందే చూసి ఉండాలి. ఒంటరిగా ఎగురుతున్నా ఈ మాటలు పైకే అనుకోవడం మంచిది.

ఇంజిన్ ఆగిన క్షణంలో చేయవలసింది ముక్కు దించడం. పైకి ఎక్కుతున్న విమానం ముక్కు ఆకాశం వైపు ఉంటుంది, లాగే బలం పోగానే వేగం చకచకా పడిపోతుంది. శిక్షకుడు మొదటిసారి చెప్పకుండా థ్రాటిల్ వెనక్కి లాగినప్పుడు చాలామంది విద్యార్థుల చేయి యోక్‌ను, అంటే విమానం ముక్కును ఎత్తే, దించే స్టీరింగ్ లాంటి పిడిని, ముందుకు నెట్టదు. నేల దగ్గరగా కనిపిస్తున్నదన్న భయంతో కొందరు ఇంకా వెనక్కి లాగుతారు కూడా. అప్పుడే స్టాల్ (వేగం పడిపోయి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక కూత మొదలవుతుంది. అందుకే యోక్‌ను వెంటనే, గట్టిగా ముందుకు నెట్టి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ఎత్తి ఉంటే 70 నాట్లు, అంటే గంటకు సుమారు 130 కిలోమీటర్లు, దించి ఉంటే 65 నాట్ల వేగం నిలబెట్టాలి.

తరువాతి మాట అన్నిటికన్నా ముఖ్యమైనది: వెనక్కి తిరగవద్దు. రన్‌వే వెనకే ఉన్నదన్న ఆశ ఎందరో పైలట్ల ప్రాణం తీసింది. ఈ వేగంతో 45 డిగ్రీలు వాలి తిరిగినా, సగం వలయం పూర్తయ్యేసరికి విమానం రన్‌వేకు దాదాపు 260 మీటర్లు పక్కన ఉంటుంది. అక్కడి నుంచి దాని వైపు మళ్లి, చివర తిన్నగా సరిచేసుకోవడానికి మరోసారి తిరగాలి. అంత వాలుతో, దిగే రేటు పెరగకుండా తిరగాలంటే స్టాల్ వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఎగిరేటప్పుడు ఎదురైన గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తుంది. ఇన్ని తోడై విమానం ఒక రెక్క మీదికి ఒరిగి కూలితే బతకడం అరుదు. తిన్నగా వెళ్లి, అదుపులో, గాలికి ఎదురుగా ముళ్లపొదల్లో దిగినా బతికే అవకాశం చాలా ఎక్కువ. ఎదురుగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపల కనిపించే చోటునే ఎంచుకోవాలి.

తెలుగు ప్రాంతాల్లో ఆ చోటు సాధారణంగా పొలమే అవుతుంది. కోత అయిన ఎండు మడి మంచిది, గట్లకు అడ్డంగా కాకుండా సమాంతరంగా దిగాలి. దమ్ము చేసిన మడిలో ముందు చక్రం కూరుకుపోయి విమానం తలకిందులవుతుంది. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు కాబట్టి స్తంభాల వరుస కోసం చూడాలి. చెట్లు తప్పనప్పుడు రెండు చెట్ల మధ్యకు ముక్కు పట్టి, దెబ్బ రెక్కలు తీసుకునేలా చూడాలి.

ఎత్తు ఉంటేనే, ఇంజిన్ మళ్లీ అందుకుంటుందేమోనని ఇంధనం వాల్వ్, మిక్శ్చర్ (ఇంజిన్‌కు వెళ్లే ఇంధనం పాళ్లను మార్చే పిడి), పంపు ఒకసారి చూడవచ్చు. లేకపోతే మిక్శ్చర్ పూర్తిగా వెనక్కి లాగి, ఇంధనం వాల్వ్ మూసి, ఇగ్నిషన్ ఆపాలి. చేరుతామన్న నమ్మకం కుదిరాక ఫ్లాప్స్ పూర్తిగా దించాలి. అవి విద్యుత్తుతో కదులుతాయి కాబట్టి విద్యుత్తు మొత్తాన్ని ఆపే మాస్టర్ స్విచ్‌ను ఆ తరువాతే ఆపాలి. చట్రం వంగితే తలుపు బిగుసుకుపోతుంది, అందువల్ల దిగక ముందే గొళ్లెం తీసి ఉంచాలి. రేడియోలో మూడుసార్లు ‘మేడే’ అని ప్రమాద సంకేతం ఇవ్వడం వీలైతేనే. విమానాన్ని నడపడం దానికన్నా ముందు.

నేలను తాకేటప్పుడు వేగం వీలైనంత తక్కువగా ఉండాలి, కానీ విమానం అదుపు తప్పకూడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి మూడు మీటర్లలో సమంగా ఆగితే శరీరం మీద గురుత్వానికి సుమారు ఎనిమిదిన్నర రెట్ల బలం పడుతుంది, బెల్టు బిగించుకున్న మనిషి దానిని తట్టుకోగలడు. వేగం రెట్టింపైతే అంతే బలంతో ఆగడానికి పన్నెండు మీటర్లు కావాలి. తాకిన తరువాత కూడా యోక్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకోవాలి.

విమానం ఆగగానే దిగి, గాలి ఎటు నుంచి వస్తున్నదో ఆ వైపుకు దూరంగా నడవాలి, ఎందుకంటే ఈ విమానంలో పెట్రోలు తల మీది రెక్కల్లోనే ఉంటుంది. పక్కనున్నవారు బెల్టు విప్పలేకపోతే ముందు వారిది విప్పాలి. పొలంలో గుమిగూడే జనాన్ని, ముఖ్యంగా బీడీ వెలిగించినవారిని, దగ్గరికి రావద్దని గట్టిగా చెప్పాలి. అందరూ దూరంగా చేరిన తరువాతే 112కు ఫోన్ చేయాలి.