ఇంగ్లిష్‌కి నోరు తిప్పుదాం – 5వ పాఠం: పదం చివరి ఉకారం

పోయిన పాఠంలో వీ, డబ్ల్యూ తేడా చూశాం. అద్దం ముందు కూర్చున్నవాళ్ళకి పెదవి పళ్ళకు ఎప్పుడు తగలాలో ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇంకా కుదరకపోతే దాన్ని పక్కన పెట్టి ఇది మొదలుపెట్టండి. నన్నడిగితే అసలు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

ఇంగ్లిష్ మాట చివర ఉకారం తగిలించందే మనం వదలం. బస్సు, బుక్కు, కప్పు, బ్యాగు. తెలుగులో మాట్లాడేటప్పుడు అందులో తప్పేం లేదు, అవిప్పుడు మన మాటలే. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడూ ఆ అలవాటు వెంట రావడంతోనే చిక్కు. "ఐ టుక్కు ద బస్సు" అంటే అవతలివాళ్ళ చెవిన రెండు అక్షరాలు ఎక్కువ పడతాయి. ఎదురుగా ఉంటే సర్దుకుంటారు. ఫోన్ ఇంటర్వ్యూలో అయితే మళ్ళీ అడుగుతారు, మనకి టెన్షన్ మొదలవుతుంది.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్న మనకి ఈ అలవాటు ఇంకాస్త గట్టిది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. రెండూ మాటని అచ్చుతో ముగించడానికే ఇష్టపడతాయి. ఈసారి బరంపురం స్టేషన్‌కి వెళ్ళినప్పుడు మైకులో ఊరి పేరు ఎలా వస్తుందో వినండి. ఒడియాలో 'బ్రహ్మపురొ' అని చివర అచ్చు పలుకుతుంది. హిందీలో 'బ్రహ్మపుర్' దగ్గర తెగుతుంది. మనకి కావాల్సింది ఆ తెగడమే. ఇంగ్లిష్‌కి ఒడియా సాయం లేదని కాదు. 'లా', 'బాల్' లాంటి మాటల్లోని అచ్చుకి మన ఆకారం కంటే ఒడియా 'అ'నే దగ్గర. పదం చివరికొచ్చేసరికి మాత్రం హిందీని తలచుకోవాలి.

ఇక నోటిపని. "కప్పు" అని మెల్లగా అనండి. పెదవులు మూసుకుంటాయి, క్షణం అలాగే ఉంటాయి, తర్వాత 'పు' అని తెరుచుకుంటాయి. ఇప్పుడు మళ్ళీ అంటూ, మూసుకున్న చోటే ఆగిపోండి. తెరవకండి. ఇంగ్లిష్ 'కప్' అంతే. అంటే మన ద్విత్వాక్షరంలో మొదటి సగం. అది చిన్నప్పటినుంచీ పలుకుతున్నదే, రెండో సగం మానుకోవడమే పని. "బుక్కు"తో కూడా ఇలాగే: నాలుక వెనకభాగం అంగిలికి అంటుకున్నాక కదలనివ్వకండి. "సెట్టు"లో మాత్రం నాలుకని మన 'ట'కి మడిచినట్టు మడవొద్దు, కొనని పై పళ్ళ వెనక చిగురు మీద ఆనించండి.

ఉకారం నిజంగా పోయిందో లేదో చెవికి వెంటనే తెలియదు. గొంతు మీద వేలు పెట్టి చూడండి. 'కప్' అన్నాక కూడా వణుకు తగిలితే ఉకారం ఇంకా ఉన్నట్టే. 'బస్'కి సకారాన్ని సాగదీసి, గాలిని టక్కున ఆపేయండి. మకారానికి సాధనే అక్కర్లేదు. పుస్తకం అనగలిగినవాళ్ళం రూమ్ అనలేమా?

కొందరు ఉకారం మానబోయి హల్లునే మింగేస్తారు. అది ఇంకా కష్టం. 'బ్యాక్', 'బ్యాగ్' రెండూ 'బ్యా' అయిపోతే వినేవాళ్ళు ఏం చేస్తారు? ఇక్కడో కిటుకు ఉంది. ఇంగ్లిష్‌లో చివర గ, డ, బ ఉంటే ముందున్న అచ్చు కాస్త సాగుతుంది, క, ట, ప ఉంటే పొట్టిగా తెగుతుంది. ఏ మాటన్నది వినేవాళ్ళు చాలావరకు ఆ పొడవుని బట్టే పట్టుకుంటారు. కలం, కాలం తేడా తెలిసిన తెలుగు చెవికి ఇది కష్టం కాదు. ఒడియా మీడియంలో చదివినవాళ్ళు మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి. ఒడియాలో ఇ-ఈ, ఉ-ఊ తేడా రాతలోనే మిగిలింది, పలుకులో లేదు.

తర్వాతి మాట అచ్చుతో మొదలైతే పని ఇంకా సులువు. హల్లు వెళ్ళి దాన్ని కలుస్తుంది. అతడు, ఎక్కడ కలిసి 'అతడెక్కడ' అయినట్టే, మధ్యలో ఉకారానికి చోటుండదు. మేకప్, సెటప్, పికప్ అని రోజూ అంటూనే ఉన్నాం కదా. 'పిక్ ఇట్ అప్'ని కూడా ఒక్క ఊపులో 'పికిటప్' అనండి.

ఈ వారం ఫోన్‌లో రికార్డ్ చేయాల్సినవి: 'పుట్ ద బుక్ బ్యాక్', 'స్టాప్ ద బస్', 'గెట్ అప్ ఎట్ ఎయిట్'. ఆన్‌లైన్ నిఘంటువులో ఒక్కో మాట ఆడియో విని, వెంటనే మీది వినండి. రోజుకి పది నిమిషాలు చాలు, గంట కూర్చుంటే నాలుక అలిసి పాత దారి పడుతుంది.

వచ్చే పాఠం నొక్కి పలకడం గురించి. అప్పటిలోగా ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రాఫర్, ఫొటోగ్రాఫిక్ విని, ఏ మాటలో ఏ అక్షరం మీద బరువు పడుతోందో రాసి ఉంచండి.