సీరియల్ పాత్ర మీద తీర్పు చెప్పే ముందు

కార్తీక దీపం సీరియల్లో విలన్ మోనిత మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరైనా ఒక్క మాటలో చెప్పేస్తారు. అదే హీరోయిన్ దీప అత్తగారు సౌందర్య గురించి అడిగి చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు వాదన. కార్తీక దీపం వచ్చినన్నాళ్లూ మా ఇంట్లో అత్తయ్యది ఒక పక్షం, నాది ఒక పక్షం. ఆ వాదనల్లోంచే సీరియల్ పాత్రను ఎలా చూడాలో నాకొక పద్ధతి కుదిరింది. రోజూ సీరియల్ చూసేవాళ్లకు, చూసి ఊరుకోలేక నలుగురితో మాట్లాడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ పాత్రకు ఏం తెలుసో, ఏం తెలియదో లెక్క వేసుకోండి. మనకు అన్నీ తెలుసు. మోనిత పన్నిన ప్రతి కుట్రా మన కళ్ల ముందే జరిగింది. కానీ దీప భర్త కార్తీక్ దృష్టిలో చూడండి: తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్ముతున్నాడు, అంతలో భార్య గర్భవతి అయింది. అతని చేతిలో ఉన్న సమాచారం అంతే. మొదట్లో అనుమానం వచ్చిందంటే ఆ ఒక్క రోజుకు నేను అతన్ని తప్పుపట్టను. కానీ అతనే డాక్టర్. ఇంకో చోట పరీక్ష చేయించుకుంటే తేలిపోయే విషయం. వందల ఎపిసోడ్లు గడిచినా ఆ దారిన వెళ్లకుండా, దీపను మాత్రం దోషిలా నిలబెట్టాడు. కాబట్టి డాక్టర్ బాబు మీద నా ఫిర్యాదు అనుమానించాడని కాదు, తెలుసుకునే వీలుండీ తెలుసుకోలేదని. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఏ పాత్ర విషయంలోనైనా ఈ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

తర్వాత చూడాల్సింది, తప్పు పాత్రదా లేక కథ సాగదీసినవాళ్లదా అని. నిజం చెప్పబోతుంటే ఫోన్ మోగుతుంది. ఉత్తరం చేతికి అందేలోపు ఎవరో లాక్కుంటారు. ఒకసారి జరిగితే అది కథ. అదే నిజానికి అదే అడ్డు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం "ఈవిడకి నోరు లేదా" అని పాత్రను తిట్టకండి. ఆ నోరు మూయిస్తున్నది రచయిత. ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగులు వారం వారం వస్తాయి, ఏ ట్రాక్ నడుస్తోందో, ఏది పడిపోయిందో వాటిలో తేలుతుంది, కథ ఆ లెక్కన మలుపు తిరుగుతుంది. 2022లో దీప, కార్తీక్ ప్రమాదంలో చనిపోయారని చూపించి, వాళ్ల కూతుళ్లు శౌర్యను, హిమను పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. కొన్ని నెలలకు దీప తిరిగొచ్చింది. ఇలాంటి మలుపులను పట్టుకుని దీప స్వభావం గురించి తీర్పు చెప్పడం ఆ పాత్రకు అన్యాయం. దీప ఎవరో తెలియాలంటే, ఇల్లు వదిలి వచ్చి వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచిన రోజులు చూడాలి. వంటలక్క అన్న పేరు జనం నోట్లో నిలిచింది ఆ రోజుల వల్లే.

ఇక మారిన పాత్రలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే, అందుకే వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సౌందర్య మొదట్లో దీపను చూసి ముఖం తిప్పుకుంది, కారణం ఒంటి రంగు. తర్వాత అదే దీప కోసం కన్నకొడుకును ఎదిరించింది. ఇలా మారిన పాత్రను చూసినప్పుడు, మార్పు కోసం ఆ మనిషి ఏం పోగొట్టుకుందో అడగండి. ఏడ్చి క్షమాపణ అడిగితే సరిపోదు, ఏడుపు సీరియల్లో చౌక. సౌందర్య కొడుకు దగ్గర చనువు పోగొట్టుకుంది, ఇంట్లో ప్రశాంతత పోగొట్టుకుంది, అయినా వెనక్కి తగ్గలేదు. అత్తయ్య వాదన ఇదే, దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నా ప్రశ్న ఆ తర్వాతది. దీప అంత ఓర్పు, అంత మంచితనం ఉన్న మనిషి కాకపోయి ఉంటే సౌందర్య మనసు మారేదా? మామూలు కోపతాపాలున్న నల్లటి అమ్మాయి కోడలిగా వచ్చి ఉంటే? నాకు మారేదనిపించదు. ఆవిడ దీపను ప్రేమించింది, రంగు గురించిన తన ఆలోచన మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నేను సౌందర్యను గొప్ప పాత్ర అంటున్నది కూడా ఇందుకే. మంచితనం, లోపం రెండూ ఒకే మనిషిలో అలా కుదిరి కనిపించే పాత్రలు సీరియళ్లలో అరుదు.

సీన్ చూసేటప్పుడు ఒక చిన్న పని చేసి చూడండి. నచ్చని పాత్ర మాట్లాడుతున్నప్పుడు టీవీ సౌండ్ తీసేయండి. ముఖం మీదకి మూడుసార్లు జూమ్, ఉరుము లాంటి మ్యూజిక్, పక్కన నిలబడ్డ నలుగురి ముఖాలు ఒక్కొక్కటిగా. ఎవరిని అసహ్యించుకోవాలో ఆ మ్యూజిక్కే చెప్పేస్తుంది. అది లేకుండా నటి కళ్లు మాత్రమే చూస్తే, విలన్ అనుకున్న మనిషిలో భయం కనిపించొచ్చు, మహాతల్లి అనుకున్న మనిషిలో పంతం కనిపించొచ్చు.

రీమేక్ అయితే మాతృకను కూడా కాస్త కదిపి చూడండి. ఇంటింటి గృహలక్ష్మి సీరియల్‌కు మూలం బెంగాలీ శ్రీమయీ, హిందీ అనుపమా కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఇంటికి అంకితమైన భార్య, ఆఫీసులో ఇంకో స్త్రీకి దగ్గరైన భర్త. మూడింటిలోనూ ఎముకలు అవే. అందుకని గృహలక్ష్మి హీరోయిన్ తులసిని భర్త మోసం చేసిన తీరు చూసి తెలుగు రచయితలను మెచ్చుకోవడమో తిట్టడమో చేయకూడదు. విడాకుల తర్వాత తులసి తన కాళ్ల మీద నిలబడడం నాకు నచ్చింది. ఆ తర్వాత కూడా మాజీ భర్త నందు వైపు కష్టాలన్నీ ఆవిడ నెత్తినే పడడం నచ్చలేదు. అలాంటివి చూసినప్పుడు అది మూలంలో ఉందా, ఇక్కడ కలిపారా అని చూసుకుని మాట్లాడితే మన మాటకు బలం వస్తుంది.

ప్రోమో చూసి ఎవరి మీదా కోపం తెచ్చుకోకండి. ప్రోమోలో పడిన చెంపదెబ్బ ఎపిసోడ్లో కలగా తేలడం మనకు కొత్తేం కాదు.

అలాగే పాత్ర మీది కోపం నటి మీద చూపించొద్దు. మోనితను జనం అంతగా ద్వేషించారంటే శోభా శెట్టి తన పని అంత బాగా చేసిందన్నమాట. విలన్‌గా వేసేవాళ్ల ఫొటోల కింద తిట్లు రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

చివరిగా, అభిప్రాయం చెప్పేటప్పుడు సీన్‌తో చెప్పండి. "గుప్పెడంత మనసులో రిషి పొగరుబోతు" అంటే అవతలివాళ్లు కాదంటారు, అక్కడితో ఆగిపోతుంది. జగతి తన కన్నతల్లి అని తెలిసి కూడా ఆమెను మేడమ్ అని దూరం పెట్టడం గుర్తుచేసి, అది పొగరా, చిన్నప్పుడు వదిలేసి వెళ్లిందన్న గాయమా అని అడగండి. మాట సాగుతుంది. ఎదుటివాళ్లు మీతో ఏకీభవించకపోతే, వాళ్ల వైపు నుంచి ఒక్క సీన్ చెప్పమనండి. పాత ఎపిసోడ్లు ఓటీటీలో దొరికితే ఇద్దరూ కలిసి ఆ సీన్ మళ్లీ చూడండి, ఈసారి మీకు నచ్చని పాత్ర వైపు నుంచి.