కొత్త దేశంలో పనిరోజుల రాత్రి వంట: అరగంటలో తేలిపోవాలంటే

దేశం మారిన కుటుంబానికి ఉద్యోగం, బడి, ఇల్లు, బ్యాంకు పనులు ఒక్కొక్కటిగా కుదురుకుంటాయి. ఓ పట్టాన కుదురుకోనిది మాత్రం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య సమయం. పెద్దవాళ్ళు పని నుంచి అప్పుడే వస్తారు, పిల్లలు ఆకలి మీద ఉంటారు, చేతికింద సాయానికి ఎవరూ ఉండరు. బయట తినడం మొదటి వారం సరదాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి జేబూ, పొట్టా రెండూ మొరాయిస్తాయి.

ఆ రెండు గంటల్లో పొయ్యి దగ్గర నిజంగా పట్టే సమయం తక్కువే. ఏం చేద్దామా అని ఫ్రిజ్ తలుపు తీసి నిలబడటం, సగంలో ఏదో సరుకు లేదని గుర్తుకు రావడం, ఉల్లిపాయలు తరగడం, అలవాటు లేని పొయ్యితో తంటాలు పడటం. టైమంతా పోయేది వీటికే. అందుకే వంటకాల కన్నా ముందు ఏర్పాట్ల సంగతి చెబుతాను.

పొయ్యి, ప్లగ్గు, పొగ

అద్దె ఇళ్ళలో కరెంటు పొయ్యిలు మూడు రకాలు కనిపిస్తాయి. చుట్టలు చుట్టిన కాయిల్ ఉన్నది ఒకటి, నున్నటి గాజు పలక కింద ఎర్రగా వేడెక్కేది ఇంకొకటి, మూడోది ఇండక్షన్. మొదటి రెండూ నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారతాయి. గ్యాస్ పొయ్యికి అలవాటుపడ్డ చేతికి ఇక్కడే ఇబ్బంది. స్విచ్ ఆపినా పాలు పొంగుతూనే ఉంటాయి, వేపుడు మాడుతూనే ఉంటుంది. మంట తగ్గించి ఊరుకోకుండా గిన్నెను పక్కకు తీయాలి. ఇంకో తేలికైన పద్ధతి ఏమిటంటే, ఒక బర్నర్‌ను ఎక్కువ వేడిలోనూ రెండోదాన్ని తక్కువ వేడిలోనూ పెట్టుకుని, గిన్నెను ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి మార్చుకోవడం.

ఇండక్షన్ దీనికి పూర్తిగా భిన్నం. ఆపగానే ఆగుతుంది, నీళ్ళు చాలా త్వరగా మరుగుతాయి. కాకపోతే అయస్కాంతం అంటుకునే గిన్నెలే దానికి పనికొస్తాయి. మామూలు అల్యూమినియం, రాగి పాత్రలు పనిచేయవు, స్టీలులో కూడా అన్నీ పనిచేయవు. సామాను సర్దుకునే ముందే ప్రతి గిన్నె అడుగునా ఒక చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. కింద అంటుకోని కుక్కర్‌ను సూట్‌కేసులో మోసుకెళ్ళి లాభం లేదు. గాజు పలక పొయ్యి ఏ రకమైనదైనా గిన్నె అడుగు చదునుగా ఉండాలి. గుండ్రటి అడుగు మూకుళ్ళు దాని మీద సరిగ్గా వేడెక్కవు.

మిక్సీ సంగతి కూడా ముందే ఆలోచించాలి. 230 వోల్టుల దేశంలో కొన్న మిక్సీ 120 వోల్టుల దేశంలో సరిగ్గా తిరగదు. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ బరువైనది, ఖర్చుతో కూడినది. వెళ్ళిన చోటే ఒక చిన్న మిక్సీ కొనుక్కోవడం మేలు.

ఇక పొగ అలారం. వేయించేటప్పుడు అది మోగితే అందరికీ టెన్షనే. అయినా దాని బ్యాటరీ తీసేయడం, మీద కవరు చుట్టడం మాత్రం చేయకండి. ప్రమాదం సంగతి అటుంచితే, చాలా చోట్ల అద్దె ఒప్పందం ప్రకారం అది పెద్ద తప్పు. నూనె వేడెక్కకముందే పొయ్యి పైనున్న ఫ్యాన్ వేయండి. ఆ ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుందా, వడపోసి మళ్ళీ గదిలోకే వదులుతుందా అనేది ఇంట్లో దిగిన రోజే చూసుకోవాలి. రెండో రకమైతే కిటికీ కూడా తెరవక తప్పదు. పొగ వచ్చేదాకా నూనె కాగనివ్వకపోతే సగం బాధ తీరుతుంది.

ఓవెన్‌ను గిన్నెల బీరువాగా వాడకండి

కొత్తగా వచ్చిన చాలా ఇళ్ళలో ఓవెన్ తలుపు తీస్తే లోపల బాణళ్ళు, మూతలు కనిపిస్తాయి. నన్నడిగితే పనిరోజుల్లో ఓవెన్ కన్నా మంచి సహాయం ఇంకొకటి లేదు. కారణం చిన్నది. పొయ్యి మీద వంటకు మనిషి అక్కడే నిలబడాలి. ఓవెన్‌లో ట్రే పెట్టాక అరగంట ఎవరూ తొంగి చూడనక్కర్లేదు. ఆ అరగంటలో పిల్లల హోంవర్క్ చూడొచ్చు, స్నానం చేసి రావొచ్చు, అసలేమీ చేయకుండా కూర్చోవచ్చు.

పద్ధతి ఒక్కటే, అందులో వేసేవి మారతాయి. ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు ముందుగా వేడి చేయాలి. మీ ఓవెన్ మీద అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటే అది దాదాపు 400. లోపల ఫ్యాన్ తిరిగే రకమైతే 20 డిగ్రీల సెల్సియస్ తగ్గించుకోండి. బంగాళాదుంప, క్యారెట్, క్యాలీఫ్లవర్, ఉల్లిపాయ, క్యాప్సికమ్ లాంటివి తరిగి, నూనె, ఉప్పు, నచ్చిన మసాలా పట్టించి ట్రేలో ఒకే వరసగా పరవాలి. పేర్చకూడదు. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే వేగడం మాని ఆవిరికి ఉడికిపోతాయి, మెత్తబడి నీరు కారుతాయి. సరుకు ఎక్కువైతే రెండు ట్రేలు పెట్టండి. దుంపలు గట్టివి కాబట్టి చిన్న ముక్కలుగా, క్యాప్సికమ్ త్వరగా మెత్తబడుతుంది కాబట్టి పెద్ద ముక్కలుగా తరిగితే అన్నీ 30 నిమిషాలకు అటూ ఇటూగా ఒకేసారి తయారవుతాయి.

మాంసం తినేవాళ్ళు అదే ట్రేలో ఒక పక్క ఎముక లేని కోడి తొడ ముక్కలు పెట్టొచ్చు. 25 నిమిషాలకు అవి అవుతాయి. ఎముకతో ఉన్నవాటికి 40 నిమిషాల దాకా పడుతుంది. రంగు చూసి ఉడికిందని నమ్మకండి. ముక్క మధ్యలో గుచ్చి చూసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనండి. 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే నిశ్చింతగా తినొచ్చు. ట్రే మీద బేకింగ్ కాగితం పరిస్తే కడిగే పని కూడా తగ్గుతుంది. మైనపు కాగితం వేరు, అది ఓవెన్‌కు పనికిరాదు. కొనేటప్పుడు పేరు చూసుకోండి.

అలమరలో, ఫ్రీజర్‌లో ఎప్పుడూ ఉండాల్సినవి

ఫ్రీజర్‌లో దొరికే కూరగాయలంటే చాలామందికి చిన్నచూపు. అది అనవసరం. కోసిన కొద్దిసేపటికే వేడినీళ్ళలో ముంచి తీసి వేగంగా గడ్డకట్టిస్తారు కాబట్టి, ఫ్రిజ్‌లో వారం రోజులు వాడిపోయిన తాజా కూరగాయల కన్నా పోషకాల్లో అవేమీ తీసిపోవు. పైగా తరిగే పని లేదు. బఠాణీ, బీన్స్, పాలకూర, మొక్కజొన్న గింజలు సంచుల్లో పెట్టుకోండి. కరగబెట్టకుండా నేరుగా గిన్నెలో వేసేయొచ్చు.

డబ్బా టమాటాలు, డబ్బా శనగలు, గుడ్లు, మసూర్ పప్పు, పాస్తా, బియ్యం ఉన్న ఇంట్లో రాత్రి భోజనం ఆగదు. డబ్బా గింజలను జల్లెడలో పోసి నీళ్ళతో కడిగితే వాటికి పట్టిన ఉప్పు కొంత పోతుంది. రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక ఉంది. పచ్చి గింజల్లో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, సరిగ్గా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. కొత్తగా కొన్న స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నెలో) పచ్చి రాజ్మాను నేరుగా వేసి ఆఫీసుకు వెళ్ళిపోకూడదు, దాని వేడి అందుకు చాలదు. డబ్బాలో వచ్చేవి ఉడికినవే కాబట్టి ఈ బెడద లేదు.

శాకాహారులు లేబుల్ చదవడం అలవాటు చేసుకోవాలి. కొన్ని సూప్ బిళ్ళల్లో మాంసం రసం, కొన్ని మిఠాయిల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్, కొన్ని చీజ్‌లలో పాలు గడ్డకట్టడానికి వాడే, దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ ఉంటాయి. తేదీల్లో కూడా రెండు రకాలుంటాయి. ‘యూజ్ బై’ అని ఉంటే అది దాటాక తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తేదీ తర్వాత రుచి తగ్గొచ్చని మాత్రమే. అయితే ఈ మాటలను అన్ని దేశాల్లో ఒకే అర్థంలో వాడరు, మీరున్న చోట నియమం ఏమిటో ఒకసారి తెలుసుకోండి.

నాలుగు రాత్రుల వంట

వారానికి ఏడు కొత్త వంటలు ఆలోచించకండి. నాలుగు చాలు, అవే తిప్పి తిప్పి చేయండి. ట్రే వంట ఒకటి పైన చెప్పాను.

రెండోది గుడ్లతో. ఒక ఉల్లిపాయ వేయించి, డబ్బా టమాటాలు పోసి పది నిమిషాలు దగ్గరపడనిచ్చి, గరిటెతో గుంటలు చేసి ఒక్కో గుంటలో ఒక గుడ్డు కొట్టి మూత పెట్టండి. ఆరేడు నిమిషాల్లో గుడ్లు గట్టిపడతాయి. బ్రెడ్‌తో అయినా అన్నంతో అయినా సరిపోతుంది.

మూడోది ఒకే గిన్నెలో బియ్యం, పప్పు, కూరగాయలు. మసూర్ పప్పును నానబెట్టక్కర్లేదు, 20 నిమిషాల్లో ఉడుకుతుంది. తెల్ల బియ్యానిదీ దాదాపు అంతే సమయం, అందుకే ఈ రెండింటికీ జత కుదురుతుంది. కప్పు బియ్యం, అరకప్పు పప్పుకు నాలుగు కప్పుల నీళ్ళు పోస్తే మెత్తగా వస్తుంది. ఫ్రీజర్ కూరగాయలు చివరి ఐదు నిమిషాల్లో వేయండి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, మామూలు కొలత కప్పు 240 లేదా 250. కుక్కర్ గిన్నెలోని గీతలు ఆ చిన్న కప్పు లెక్కకే గీస్తారు. అన్నం ముద్దవడానికి చాలాసార్లు కారణం ఇదే.

పాస్తా చేసే రోజు నీళ్ళు బాగా మరిగాక ఉప్పు వేసి పాస్తా వేయండి. దించడానికి రెండు నిమిషాల ముందు బఠాణీ కూడా అందులోనే పడేయండి. వార్చేముందు ఆ నీళ్ళు ఒక కప్పు పక్కన పెట్టుకోండి. వెల్లుల్లి వేయించిన నూనెలో శనగలు, పాస్తా వేసి ఆ నీళ్ళు కొద్దిగా పోసి కలిపితే పొడిపొడిగా కాకుండా జారుగా ఉంటుంది. చివర నిమ్మరసం. అంతే.

మిగిలినవాటితో జాగ్రత్త

రెట్టింపు వండి రెండో రోజుకు దాచడం ఎంత మంచి పద్ధతో, దాచే తీరు తెలియకపోతే అంత ప్రమాదం. ముఖ్యంగా అన్నం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా అవి చావవు. అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. హీటర్ వేసి వెచ్చగా ఉన్న ఇంట్లో, బయట మంచు కురుస్తున్నా సరే, వంటగది గట్టు మీద అన్నం రాత్రంతా వదిలేయకండి. వెడల్పాటి డబ్బాలో పల్చగా పరిచి, ఆవిరి తగ్గగానే, గంట లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి రోజుకల్లా తినేయండి. కూరలు, పప్పులు మూడు రోజుల దాకా ఆగుతాయి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసేటప్పుడు మధ్యలో ఒకసారి కలపండి, లేకపోతే అంచులు మండుతూ నడుమ చల్లగా ఉండిపోతుంది.

ఫ్రీజర్‌లో బంగాళాదుంప కూర పెడితే కరిగాక ఇసుకలా అవుతుంది, పెరుగు కలిపినవి విరిగినట్టు అవుతాయి. పప్పులు, టమాటా గుజ్జు, ఉడికిన శనగలు బాగా నిలుస్తాయి. మాంసాన్ని పెద్ద ముద్దగా కాకుండా పూటకు సరిపడా సంచుల్లో పల్చగా అదిమి పెడితే త్వరగా కరుగుతుంది. కరగబెట్టేది రాత్రంతా ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు.

మిగిలింది పిల్లల డబ్బాలో పెట్టేముందు బడి నియమాలు చూడండి. వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలను కొన్ని బడుల్లో అస్సలు రానివ్వరు. అలర్జీ ఉన్న పిల్లలకు అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

సెలవు రోజు ఎంత చేయాలి

ఆదివారమంతా నిలబడి వారానికి సరిపడా కూరలు వండేవాళ్ళున్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఉన్న ఒక్క సెలవూ పోతుంది, గురువారానికి ఆ కూరల మొహం చూడబుద్ధి కాదు. ఒక గంట చాలు. ఉల్లి, టమాటా, అల్లం, వెల్లుల్లి కలిపి ఒక పెద్ద గిన్నెడు వేయించి చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. ఆరు గుడ్లు ఉడకబెట్టి పెంకుతోనే ఫ్రిజ్‌లో ఉంచండి, వారం లోపు వాడుకోవచ్చు. ట్రేలోకి వేసే కూరగాయలు రెండు రోజులకు మించి తరిగి పెట్టకండి. వారంలో ఏ రాత్రి ఏ వంటో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అప్పుడు ఇంటికి ముందు వచ్చినవాళ్ళు ఎవరైనా సరే ఓవెన్ వేడెక్కించడం, బియ్యం కడగడం మొదలుపెట్టొచ్చు. వంట చేసినవాళ్ళు గిన్నెలు కడగకూడదన్న ఒప్పందం కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

పిల్లలు రాగానే క్యారెట్, కీర, పండు ముక్కలు చేతికివ్వండి. వంట అయ్యేలోపు బిస్కెట్లతో కడుపు నింపుకోరు. అయిదేళ్ళు దాటినవాళ్ళకు పళ్ళేలు సర్దడం, గుడ్ల పెంకు వలవడం అప్పగించవచ్చు. ఆలస్యమవుతుంది, చిందుతుంది, అయినా అప్పగించండి.

వాడిన నూనె సింకులో పోయకండి. గొట్టంలో గడ్డకట్టి మూసుకుపోతే బాగుచేసే ఖర్చు మీ మీద పడొచ్చు. చల్లారాక పాత డబ్బాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి. మీ ఊళ్ళో నూనెను విడిగా తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడ ఇవ్వండి.

ఇక ఏదీ చేతకాని రోజు కూడా ఒకటి వస్తుంది. బస్సు ఆలస్యమవుతుంది, బిడ్డకు జ్వరం ఉంటుంది, లేదా ఊరికే ఓపిక ఉండదు. ఆ రోజు కోసం ఫ్రీజర్‌లో ఒక బ్రెడ్ ప్యాకెట్ ఉంచండి, ముక్కలను కరగబెట్టకుండానే టోస్టర్‌లో వేయొచ్చు. ఉడికిన గుడ్డు, ఒక పండు, గ్లాసు పాలతో అది పూర్తి భోజనమే.