అసైన్‌మెంట్ కోసం నెట్‌వర్క్ ట్రాఫిక్ కొలవడం ఎలా?

నెట్‌వర్క్స్ ల్యాబ్ రిపోర్టులు చాలావరకు ఒకే అచ్చు. నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని పట్టి చూపే వైర్‌షార్క్ స్క్రీన్‌షాట్లు నాలుగు, వాటి కింద 'ట్రాఫిక్ ఎక్కువగా ఉంది' అని ఒక ముక్క. దాన్ని కొలత అనరు. సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోండి: ఇవే రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య కేబుల్ మీద ఎంత వేగం వస్తోంది, వైఫై మీద ఎంత వస్తోంది, తేడా ఎందుకు? ఇది చాలు. పోల్చడానికి రెండు సంగతులు లేకపోతే విశ్లేషణకి ఏమీ మిగలదు.

కావలసినవి: రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు ల్యాన్ కేబుళ్లు, ఇంట్లో ఉన్న రౌటర్. రెండింట్లోనూ ఐపెర్ఫ్3 (రెండు మెషీన్ల మధ్య డేటా పంపి వేగం కొలిచే ప్రోగ్రామ్), పంపే దాంట్లో వైర్‌షార్క్. రెండూ ఉచితమే. విండోస్ అయితే వైర్‌షార్క్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌పీక్యాప్ దగ్గర టిక్ తీయకండి, ప్యాకెట్లని పట్టేది అదే. హాస్టల్ వైఫైలో పక్కవాళ్ల ట్రాఫిక్ పట్టే ప్రయత్నం మాత్రం వద్దు. మీ రెండు మెషీన్లు చాలు.

బ్రౌజర్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టి ఆ అంకె రాసేస్తే పోదా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. పోదు. చాలా స్పీడ్ టెస్టులు ఒకేసారి ఎన్నో కనెక్షన్లు తెరుస్తాయి, దగ్గరలోని సర్వర్‌ని అవే ఎంచుకుంటాయి. మధ్యలో ఏం జరిగిందో మీ చేతిలో ఉండదు. ఐపెర్ఫ్3లో రెండు చివరలూ మీవే.

ఒక ల్యాప్‌టాప్‌లో ఐపెర్ఫ్3ని సర్వర్‌గా పెట్టండి, అది 5201 పోర్టులో కాచుకుని ఉంటుంది. ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి. రెండో దాంట్లో క్లౌడ్ బ్యాకప్, అప్‌డేట్లు, బ్రౌజర్ అన్నీ మూసేయండి. అందులోనే ముందు వైర్‌షార్క్ క్యాప్చర్ (ప్యాకెట్లు పట్టడం) మొదలుపెట్టండి, ఆ తర్వాతే ఐపెర్ఫ్‌తో సర్వర్‌కి డేటా పంపండి. ఈ వరస తప్పితే మొదటి హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదలయ్యే పలకరింపు) పోతుంది, విండో సైజుని (జవాబు రాకముందే ఎంత డేటా పంపొచ్చో చెప్పే అంకె) ఎంతతో గుణించాలో చెప్పే విండో స్కేల్ విలువ అందులోనే ఉంటుంది కాబట్టి వైర్‌షార్క్ చూపే విండో సైజుల్ని నమ్మలేం. సమయం 30 సెకన్లు పెట్టండి. మామూలుగా వచ్చే 10 సెకన్లు నాకు చాలవు, మీకూ చాలవు.

ఇక అందరూ బోల్తా పడేది వేగం లెక్క దగ్గరే. ఇక్కడ నెమ్మదిగా వెళ్లండి.

క్యాప్చర్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కనిపించే సగటు వేగాన్ని రిపోర్టులో రాయకండి. అది మొదటి ప్యాకెట్ నుంచి చివరి ప్యాకెట్ దాకా ఉన్న మొత్తం సమయంతో భాగించిన అంకె. డేటా నడిచింది 30 సెకన్లే అయినా మీరు క్యాప్చర్‌ని 75 సెకన్లు వదిలేస్తే 98 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) కాస్తా 39 దగ్గర తేలుతుంది. స్టాటిస్టిక్స్‌లో కాన్వర్సేషన్స్ తెరిచి టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) ట్యాబ్ చూడండి. 5201కి రెండు కనెక్షన్లు కనిపిస్తాయి. చిన్నది ఐపెర్ఫ్ మాటామంతీకి, పెద్దదే డేటా. ఆ పెద్ద వరసలో, పంపే దిక్కుకి ఉన్న బిట్స్ పర్ సెకండ్ మాత్రమే తీసుకోండి.

అప్పుడు కూడా అంకెలు కలవవు, టెన్షన్ పడకండి. 100 ఎంబీపీఎస్ కేబుల్ మీద, లినక్స్‌లో, ఐపెర్ఫ్ దాదాపు 94 చూపిస్తుంది. కేబుల్ చెడిపోలేదు. వైరు మీద ఒక్కో పూర్తి ఫ్రేమ్‌కి (డేటా, చిరునామాల్లాంటి వివరాలుండే హెడర్లు కలిసిన మూట) ముందూ వెనకా ఉండే ఖాళీతో కలిపి 1538 బైట్ల చోటు పడుతుంది. అందులో అసలు డేటా 1448. వైర్‌షార్క్ హెడర్లు కూడా కలిపి 1514 బైట్లు లెక్కేస్తుంది కాబట్టి దాని అంకె 98 దాకా వెళుతుంది. ఒకే ట్రాన్స్‌ఫర్‌కి 94, 98, 100 మూడూ నిజమే. ఏది ఏ పొర దగ్గర (ఐపెర్ఫ్ డేటా, వైర్‌షార్క్ ఫ్రేము, వైరు) కొలిచిందో రాయండి, మార్కులు అక్కడే ఉన్నాయి.

ఇంకో మెలిక. ఐపెర్ఫ్ ట్రాన్స్‌ఫర్ కాలమ్‌లో 337 మెగాబైట్లు అని ఉంటే, దాన్ని 8తో గుణించి 30తో భాగిస్తే 90 వస్తుంది, పక్కనేమో 94 అని ఉంటుంది. సైజుకి 1024 లెక్క, వేగానికి 1000 లెక్క. అంతే.

మీ క్యాప్చర్‌లో 20,000 బైట్ల ప్యాకెట్లు కనిపిస్తే 'మా నెట్‌వర్క్‌లో జంబో ఫ్రేములు' (మామూలు కన్నా పెద్ద ఫ్రేములు) అని రాసి నవ్వులపాలు కావద్దు. పెద్ద ముక్కని కోసే పని నెట్‌వర్క్ కార్డు చేస్తోంది, వైర్‌షార్క్ దాన్ని కోయకముందే చూస్తోంది. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో లార్జ్ సెండ్ ఆఫ్‌లోడ్ ఆపేసి మళ్లీ పట్టండి. ఆపకపోతే ప్యాకెట్ల సంఖ్య, సైజుల గ్రాఫ్, పైన చెప్పిన 98 ఏదీ నమ్మదగ్గది కాదు.

మిగతాది తేలిక. కేబుల్ మీద అయిదుసార్లు, వైఫై మీద అయిదుసార్లు నడిపి మధ్యగత విలువ (వరసగా పేరిస్తే మధ్యలో పడేది) తీసుకోండి, కనిష్ఠ గరిష్ఠాలు పక్కన రాయండి. వైఫైలో వేగం పడిపోయినా టీసీపీ రీట్రాన్స్‌మిషన్లు (పోయినవి మళ్లీ పంపడాలు) పెద్దగా కనిపించకపోవచ్చు. పోయిన ఫ్రేముల్ని వైఫై కార్డు కిందే మళ్లీ పంపేస్తుంది, మామూలు క్యాప్చర్‌లో ఆ సంగతి బయటపడదు. గ్రాఫ్‌ని స్ప్రెడ్‌షీట్‌లో మీరే గీయండి, అక్షాల మీద యూనిట్లు రాయండి. క్యాప్చర్ ఫైల్ జతచేయమంటే ప్యాకెట్‌కి మొదటి 96 బైట్లే ఉంచేలా ముందే పరిమితి పెట్టండి. హెడర్లకి అది సరిపోతుంది, ఫైలూ మెయిల్‌లో పడుతుంది.