సెస్నా 172 మలుపులో బంతిని నడుమ నిలపడం: నా అనుభవం

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానాన్ని మలుపు తిప్పేటప్పుడు బంతిని నడుమ ఎలా నిలపాలన్నది బెంగళూరులోని జక్కూరు విమాన క్షేత్రంలో శిక్షణ పొందుతున్న తెలుగు మిత్రులు తరచూ అడిగే సంగతి. నాకూ మొదట్లో విమానాన్ని ఎడమకు వాల్చగానే ముక్కు ఒక్క క్షణం కుడికి జరిగేది, విమానం పక్కకు జారుతోందా అని చూపే సూచికలోని బంతి మలుపు లోపలి వైపుకు జారేది. బంతినే చూస్తూ దిద్దడం, రడ్డర్‌ను (పెడళ్లతో కదిలి ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) ముందుగానే తొక్కడం, మరీ నెమ్మదిగా వాల్చడం ఫలించలేదు.

ఫలించినది ఇది. తగినంత ఎత్తులో, శిక్షకులు పక్కన ఉండగా, చుట్టుపక్కల వేరే విమానం లేదని చూసుకొని, ముక్కును దూరాన కనబడే నంది హిల్స్ కొండకు గురిపెట్టాను. ఆపై మలుపు తిరగనివ్వకుండా, రెక్కలను ఎడమకూ కుడికీ సుమారు 15 డిగ్రీల చొప్పున వాలుస్తూ, ముక్కు ఆ కొండను వదలకుండా ఉండేందుకు ఎంత కావాలో అంతే రడ్డర్‌ను ఎయిలరాన్‌తో పాటు (విమానాన్ని పక్కకు వాల్చే, రెక్క వెనక అంచున కదిలే పలక) ఒకేసారి ఇచ్చాను. పైకి లేచే రెక్క మీది ఎయిలరాన్ కిందికి దిగి గాలి నిరోధాన్ని పెంచుతుంది కనుక ముక్కు అటు లాగుతుంది. కొండ ఎదురుగా ఉంటే ఆ లాగుడు బంతి కన్నా ముందే తెలుస్తుంది. అసలు మలుపులో, వాలు కుదిరి ఎయిలరాన్‌ను మధ్యకు తెచ్చేటప్పుడు రడ్డర్‌నూ సడలించాలి. ఈ భాగాన్ని ఎందుకో నాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

నేను నడిపింది ఈ ఒక్క రకాన్నే. పొడవాటి రెక్కల గ్లైడర్లకు (ఇంజిన్ లేకుండా ఎగిరే విమానాలకు) రడ్డర్ మరింత కావాలి; పైకెక్కేటప్పుడు ఇంజిన్ ప్రభావానికి కుడి రడ్డర్ అదనంగా పట్టాలి కనుక, అక్కడ ఈ కొలత ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను.