తంబుర శ్రుతిలో ‘ఊఁ’: మనసు కుదుటపడడానికి ఇంట్లోనే చేసుకునే పద్ధతి

తంబుర మోగుతుంటే దానితో గొంతు కలిపి ‘ఊఁ’ అంటూ కూర్చోవడమే ఈ పద్ధతి. కావాల్సినవి తంబుర యాప్ ఉన్న ఫోను, చిన్న బ్లూటూత్ స్పీకరు, కింద పరుచుకోవడానికి బొంత. ధ్యానానికి మోగించే కంచు గిన్నెలు (సింగింగ్ బౌల్స్) కొనాల్సిన పని లేదు. ఫోను స్పీకరు ఒక్కటే చాలదు. మగగొంతు షడ్జం (‘స’ స్వరం) 130 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, అంత కింది స్వరాన్ని ఫోను సన్నగా గీపెడుతుంది.

మన వైపు ఇళ్లలో గదితోనే తంటా. కింద కడప బండలో బేతంచెర్ల బండలో, చుట్టూ ఉత్త గోడలు. శబ్దం వాటికి తగిలి తిరిగొచ్చి గజిబిజి అవుతుంది. అందుకే మందపాటి బొంత. కూలర్ ఆపాల్సిందే. అనంతపురం ఎండల్లో కూలర్ లేకుండా ఎట్లా కూర్చోవాలంటారా? తెల్లవారుజామున ఐదున్నరకు మిద్దె ఎక్కండి. అక్కడ గోడల గొడవా ఉండదు.

యాప్‌లో తంబుర పెట్టి స్పీకర్‌ను నాలుగడుగుల దూరంలో ఉంచండి. ఇయర్‌ఫోన్లు వద్దు: చెవులు మూసుకుంటే మీ గొంతు మీకే బోరున మోగుతుంది, తంబురతో కలిసిందో లేదో తెలియదు. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత శబ్దం చాలు.

ఇక అందరూ చెడగొట్టే చోటు శ్రుతి. యాప్‌లో ఏది ఉంటే దానికే గొంతు సాగదీస్తారు. అది తప్పు. ఎవరైనా కథ చెబుతుంటే ఊఁ కొడతాం కదా, ఏ ప్రయత్నమూ లేని ఆ గొంతే మీ శ్రుతి. ముందు తంబుర ఆపి నాలుగైదుసార్లు అట్లా ఊఁ అనండి. తర్వాత యాప్‌లో శ్రుతిని అర మెట్టు చొప్పున జరుపుతూ ఆ ఊఁ దగ్గరికి తెచ్చుకోండి. మగవాళ్లు ఒకటో శ్రుతి (యాప్‌లో C) దగ్గర, ఆడవాళ్లు ఐదో శ్రుతి (G) దగ్గర మొదలుపెడితే తొందరగా దొరుకుతుంది.

పెదవులు మూసి, పళ్లు తగలకుండా కొద్దిగా ఎడంగా ఉంచి ఊఁ పట్టండి. ముక్కుకు రెండు పక్కలా వేళ్లు ఆనిస్తే సన్నటి అదురు తెలియాలి. అదురు లేకుండా గొంతులో గరగర వస్తే శ్రుతి మరీ కింద ఉంది. గొంతు బిగిసి, నాలుగు సెకన్లకే ఊపిరి అయిపోతే మరీ పైన ఉంది. ఒక మెట్టు మార్చండి, పంతం వద్దు. కొద్దిగా తప్పినప్పుడు రెండు శబ్దాలూ పెనుగులాడుతున్నట్టు ఊగు వినిపిస్తుంది. కలిసేకొద్దీ ఆ ఊగు నెమ్మదించి ఆగిపోతుంది. అంతవరకూ ఓపిక పట్టనిదే ముందుకు పోకండి, ఎందుకంటే బిగిసిన గొంతుతో ఎంతసేపు కూర్చున్నా మనసు కూడా బిగిసే ఉంటుంది.

432 హెర్ట్జ్ అయితేనే పని చేస్తుందని వీడియోల్లో చెప్పేది నమ్మకండి. వాద్యాల శ్రుతికి మామూలుగా కొలతగా పెట్టుకునే 440కీ దానికీ తేడా అర మెట్టులో మూడో వంతు. మీ గొంతుకు కుదిరిందా లేదా అన్నదే లెక్క.

శ్రుతి కుదిరాక మిగతాది సులువు. ముక్కుతో మూడు సెకన్లు గాలి పీల్చి, ఏడు సెకన్లు ఊఁ. నిమిషానికి ఆరుసార్లు. పది నిమిషాలు చాలు. తల తిరిగితే గాలి బలంగా పీలుస్తున్నారని అర్థం, మామూలు ఊపిరికి రండి. చివర తంబురను టక్కున ఆపకండి, నిమిషం పాటు తగ్గిస్తూ పోయి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు మూస్తే భయంగా ఉండేవాళ్లు తెరిచే ఉంచి ఎదురుగా ఒకే చోట చూపు నిలపాలి.

చెవుల్లో గుయ్యిమనే మోత ఉన్నవాళ్లు, ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. దీన్ని నమ్ముకుని వాడుతున్న మాత్రలు మానొద్దు. దిగులు రోజుల తరబడి వదలకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఆ పూటకు తంబుర పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు అడగరు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.